నలభై అయిదు అంటే ఏ నలభై అయిదు?



మన సరిహద్దు ఊళ్లలో ఒక తమాషా ఉంది. ‘ఊట’ అంటే తెలుగులో నీటి ఊట, కన్నడంలో భోజనం. ‘ఊట ఆయ్తా?’ అని పలకరిస్తే బావి సంగతి అనుకొని తెల్లబోయే కొత్త కోడళ్లు ఉంటారు. మాట ఒకటే, అర్థాలు రెండు. లెక్కలు చేసే కంప్యూటరు దగ్గరా ఇదే జరుగుతుంది. ఈ రోజు ఆ సంగతి ముచ్చటిస్తాను.

మొన్న సెలవుల్లో నా పాత విద్యార్థి ఒకడు వచ్చాడు. ఇప్పుడు డిప్లొమా చదువుతున్నాడు. వాడి దగ్గర ‘ఆక్టేవ్’ అనే గణిత సాఫ్ట్‌వేరు ఉంది. ఇది ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

వాడికొక లెక్క ఇచ్చాను. కరెంటు స్తంభానికి కట్టిన స్టే వైరు పొడవు 20 అడుగులు. అది నేలతో 45 డిగ్రీల కోణం చేస్తోంది. స్తంభం మీద ఎంత ఎత్తున కట్టారు? వాడు 20 ఇంటూ సైన్ 45 అని టైపు చేశాడు. తెర మీద 17 పైచిలుకు వచ్చింది. నిజం చెప్పొద్దూ, నేనూ ఒక క్షణం తల ఊపాను.

తరువాత కాగితం మీద బొమ్మ వేశాం. కోణం 45 డిగ్రీలైతే ఎత్తూ, నేల మీది దూరమూ సమానం. ఆ రెండింటి వర్గాల మొత్తం 400 కావాలి. అంటే ఒక్కొక్కటి 200. దాని వర్గమూలం దాదాపు 14.14. ఆ 17ను నమ్మి పని చేస్తే దాదాపు మూడడుగుల తేడా!

“కంప్యూటరు తప్పు చెబుతుందా సార్?” అన్నాడు.

చెప్పలేదు. ఆక్టేవ్‌లో సైన్ అనే ఫంక్షన్ కోణాన్ని రేడియన్లలో తీసుకుంటుంది. ఒక రేడియన్ దాదాపు 57.3 డిగ్రీలు. మనం డిగ్రీలు అనుకున్నాం, అది రేడియన్లుగా గ్రహించింది. సైన్ చివర ‘డి’ అక్షరం చేర్చి ‘సైండ్’ అని రాస్తే డిగ్రీలుగా తీసుకుంటుంది. అలా రాయగానే 14.142 వచ్చింది.

అదే 30 ఇచ్చి ఉంటే జవాబు మైనస్‌లో వచ్చేది. మైనస్ ఎత్తు ఉండదు గనుక పొరపాటు వెంటనే తెలిసేది. నిజంలాగా కనిపించే తప్పు జవాబే ప్రమాదం.

అందుకని మీ పిల్లలకు రెండు మాటలు చెప్పండి. కొత్త ఫంక్షన్ వాడే ముందు, జవాబు తెలిసిన చిన్న లెక్కతో పరీక్షించాలి. సైన్ 30 డిగ్రీలు సగం రావాలి, 90 డిగ్రీలు ఒకటి రావాలి. రెండోది, ‘హెల్ప్’ అని రాసి పక్కన ఫంక్షన్ పేరు టైపు చేస్తే దాని వివరం వస్తుంది. ఇంగ్లీషులో ఉందని భయపడకుండా అది చదవాలి.

ఎదుటివారిది ఏ భాషో గ్రహించి ‘ఊట’కు జవాబు చెప్పే మన పిల్లలకు ఇదేమంత కష్టం కాదు.