కాలు బెణికితే ఇంటివైద్యం ఎంతవరకు?

నేను డాక్టరును కాను, తాలూకా కచ్చేరీలో ఫైళ్ళు రాసి రిటైరయిన గుమాస్తాను. చదివినదీ చూసినదీ మాత్రమే మనవి చేస్తాను.

మన కోయిలకుంట్ల నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విడుస్తుంది. ఆ చేలల్లో నడిచినవారికి కాలు మడతపడటం కొత్తగాదు. మనవాళ్ళు "నరం పట్టింది" అంటారు గాని, అది నరం కాదు. పాదం లోపలికి మడతపడినప్పుడు బయటి చీలమండ దగ్గర ఎముకనూ ఎముకనూ కలిపి ఉంచే పట్టీలు సాగుతాయి, ఒక్కోసారి తెగుతాయి. అదే బెణుకు.

బెణుకా, ఎముక విరిగిందా అనేది ముందు తేల్చుకోవాలి. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో దీనికొక పద్ధతి చెప్పారు. దెబ్బ తగిలినప్పుడూ, తర్వాత డాక్టరు చూసేటప్పుడూ కూడా కుంటుతూనైనా నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. చీలమండ ఎముకల వెనక అంచున, కొన నుంచి 6 సెంటీమీటర్ల పైదాకా ఎక్కడ నొక్కినా ఎముక మీద నొప్పి ఉంటే తీయించాలి. పాదం బయటి అంచున మధ్యలో పొడుచుకొచ్చిన ఎముక మీద గాని, లోపలి వైపు పాదం మధ్య ఎముక మీద గాని నొప్పి ఉన్నా అంతే. అయితే చక్కెర జబ్బుతో పాదాలు తిమ్మిరెక్కినవారికి ఈ లెక్క పనికిరాదు. నొప్పే తెలియనప్పుడు నొక్కి చూసి ఏం లాభం? మన సభ్యుల్లో అలాంటివారు తక్కువేమీ లేరు. వాళ్ళు నేరుగా ఎక్స్‌రేకు పోవడం మేలు. పుత్తూరు కట్టుకు బస్సెక్కేవారి నమ్మకాన్ని నేను తప్పుపట్టను. ఫిల్ము చూపించుకున్న తర్వాత పోండి.

ఉత్త బెణుకే అయితే, మొదటి రెండు రోజులు కాపడం వద్దు, ఆముదం రాసి పిసికించుకోవడం అసలే వద్దు, వాపు పెరుగుతుంది. కాలు దిండు మీద ఎత్తిపెట్టి, క్రేప్ బ్యాండేజీ వేళ్ళు నీలం తిరగనంత వదులుగా చుట్టుకోండి. మంచుముక్కలు గుడ్డలో చుట్టి పదీ పదిహేను నిమిషాలు పెడితే నొప్పి తగ్గుతుంది, అంతే. మంచూ విశ్రాంతీ అని 1978లో పుస్తకం రాసిన అమెరికా డాక్టరు గేబ్ మిర్కినే, అవి మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తర్వాత తన మాట మార్చుకున్నాడు. నాకు ముచ్చటేసింది. మన ఆఫీసుల్లో వేసిన నోటు మార్చిన దొర ఎవరు?

తర్వాత వావిలాకు కాపడమో, చింతపండు ఉప్పు పట్టో హాయిగా ఉంటే పెట్టుకోండి. తిమ్మిరి పాదాలవారు మాత్రం వేడిగా ఏదీ పెట్టకూడదు. చర్మం కాలి పుండయ్యేదాకా తెలియదు. బి.పి., కిడ్నీ బాధలున్నవారు నొప్పి బిళ్ళలు అడిగి వేసుకోవాలి. పారాసిటమాల్ కొంత నయం.

రెండు మూడు రోజులు పోయాక మంచం పట్టి ఉండకండి. పాదం పైకీ కిందికీ ఆడించండి, ఓర్చుకోగలిగినంత నడవండి. నొప్పి తగ్గాక గోడ పట్టుకుని ఒంటికాలి మీద అరనిమిషం నిలబడటం రోజూ చేయండి. ఒకసారి బెణికిన కాలు మళ్ళీ అక్కడే బెణుకుతుంది, ఈ అలవాటు దాన్ని తగ్గిస్తుంది. పక్కన మనిషి ఉండగానే చేయండి. సెలవు.