పెరటి గుంటలో ఏం వేద్దాం?

పెరట్లో చిన్న నీటి గుంట తవ్వుకున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఊదాపూలు బాగున్నాయని అందులో గుర్రపు డెక్క మాత్రం వేయొద్దు. దక్షిణ అమెరికా మొక్క అది, అందం కోసమే తెచ్చారు. అదను దొరికితే 2 వారాల్లో రెట్టింపవుతుంది. వానకు గుంట పొర్లితే బోదెలోకి, అక్కణ్ణుంచి కాలువలోకి పోతుంది. చివరి భూములకు నీళ్లందక, తూడు తీయించండంటూ అర్జీలు పట్టుకు తిరిగేది మళ్లీ మనమే.

మేమైతే కలువ వేశాం. తొట్టిలో బంకమట్టి నింపి, దుంప పెట్టి, పైన కాస్త ఇసుక పోసి నీళ్లలో దించాం. పచ్చి పేడ వేస్తే నీళ్లు మురుగుతాయి. ఎండ 5, 6 గంటలైనా తగలాలి. నీడన ఆకులే తప్ప పూలు రావు. ఓ మూల అజొల్లా పెంచితే గేదెకు మేత.

ఇప్పటికే గుర్రపు డెక్క ఉంటే వేళ్లతో సహా లాగి, నీటికి దూరంగా ఎండబెట్టండి. కాలువలోకి విసరొద్దు.