సంఘము పాడవలెనా, వినవలెనా?



ఈ శతాబ్ది సభలో పాటను గురించి నాలుగు మాటలు చెప్పుమని మా గాయక బృందమును పిలిచిన పెద్దలకు వందనములు. మాటాడుమనక పాడుమనియుంటే మాకు ఇంకను సులభముగా ఉండెడిది.

నేడు మన దేవాలయములలో యౌవనస్థులు పాడు పాటలలో అనేకము ఎక్కడనో ఒక సంఘముయొక్క బ్యాండులో పుట్టినవే. 1970ల ఆరంభములో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, కోస్టా మేసా పట్టణపు కాల్వరీ చాపెల్ సంఘములోనికి జుట్టు పెంచిన యువకులు గిటార్లు పట్టుకొని వచ్చినారు. ఆ సంఘము వారిని గెంటివేయలేదు. వారి పాటలను ఆరాధనలో చేర్చుకొన్నది. 1971లో అక్కడనుండియే మారనాథా మ్యూజిక్ బయలుదేరినది. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగర శివారున 1983లో ఆరంభమైన హిల్‌సాంగ్ సంఘము సంగతి మీలో చాలమందికి తెలియును. అక్కడ ఆరాధన నడిపించిన డార్లీన్ జెక్ అను సహోదరి 1993లో, తమ ఇంట కష్టకాలము నడుచుచుండగా, పాత పియానో ముందు కూర్చుండి ‘షౌట్ టు ద లార్డ్’ అను పాట కట్టినారు. ముందు ఆ సంఘము పాడినది, పిమ్మట అనేక దేశముల సంఘములు పాడినవి.

కాబట్టి గిటారును, డ్రమ్సును నిందించుటకు మేము రాలేదు. డ్రమ్సు చూడగానే చెవులు మూసికొను పెద్దలకు ఒక మాట మనవి చేయుచున్నాము: మనము ఎంతో భక్తితో వాయించు హార్మోనియము కూడ ఐరోపానుండి ఓడ ఎక్కి వచ్చినదే. క్రొత్త పాట పాడుడని 33వ కీర్తనయు, 96వ కీర్తనయు మనలను పిలుచుచునే ఉన్నవి.

మా చింత వేరు. మేము వేదికమీద నిలిచి పాడునప్పుడు ఎదుట ఉన్నవారి పెదవులు కనబడును. పాత కీర్తన ఎత్తితే వెనుక బల్లలమీది అవ్వలుకూడ పాడుదురు. క్రొత్త పాట ఎత్తితే చేతులు పైకి లేచును, పెదవులు మాత్రము కదలవు. భక్తి లేక కాదు; ఆ పాట వారికి అందుట లేదు. రికార్డులో పాడినవాడు సాధన చేసిన గాయకుడు. చరణము మంద్రస్థాయిలో మెల్లగా మొదలుపెట్టి, పల్లవి వచ్చుసరికి ఒక స్థాయి పైకి లంఘించును. వినుటకు అది ఎంతో బాగుండును. ఆదివారము ఉదయము, మందిరములో నిలిచిన రైతుకూలీకి, టీచరమ్మకు ఆ తారస్థాయి ఎట్లు దొరకును? దానికి తోడు స్పీకర్ల హోరు. ప్రక్కవాని గొంతు వినబడనిచోట ఎవడును ధైర్యముగా పాడడు.

ఇంగ్లండులో వాట్‌ఫర్డ్ పట్టణమున ఉండిన సోల్ సర్వైవర్ సంఘము ఇదే చిక్కును 1990లలో ఎదుర్కొన్నది. ఆ సంఘము కొంతకాలము బ్యాండును, మైకులను తీసివేసినది. మొదట అందరును బిక్కమొగములతో మౌనముగా కూర్చుండిరట. తరువాత ఒకరొకరుగా తమ గొంతుతో పాడసాగిరి, తమ మాటలతో ప్రార్థింపసాగిరి. అక్కడి గాయకుడు మాట్ రెడ్మన్ ఆ అనుభవమునుండియే ‘ద హార్ట్ ఆఫ్ వర్షిప్’ అను పాట వ్రాసినారు. కొంతకాలమునకు బ్యాండు మరల వచ్చినది. అట్లు వాద్యములు లేని కాలమున పుట్టిన పాటనే నేడు లోకమంతట పెద్ద పెద్ద బ్యాండులు వాయించుచున్నవి! ఇది తలంచుకొన్నప్పుడెల్ల మాకు నవ్వు వచ్చును.

తెలుగువారమైన మనకు ఇంకొక చిక్కున్నది. ఇంగ్లీషు బాణీలో తెలుగు మాటలు ఇరికించునప్పుడు హ్రస్వ దీర్ఘములు తారుమారగును. ‘వరము’ అను మాటను పొడుగు స్వరముమీద లాగితే ‘వారము’ అగును. దేవుడు మనకు వారమిచ్చెనని సంఘమంతయు చేతులెత్తి పాడుట మేము విన్నాము. పందొమ్మిదవ శతాబ్దములో పురుషోత్తమ చౌధరిగారు కీర్తనలు వ్రాసినప్పుడు రాగమును, తాళమును, తెలుగు మాట నడకను కలిపి చూచుకొన్నారు. అందుచేతనే చదువురాని మన తాతలు సయితము పుస్తకము లేకుండ వాటిని కంఠస్థము చేసిరి. ఆ కాలములో అవియు క్రొత్త పాటలే అని మరువకూడదు.

కనుక మన అధ్యక్ష మండలములోని పాస్టరేట్ల గాయక బృందములకు మా విన్నపము. రికార్డులోని శ్రుతిని పట్టుకొని వ్రేలాడక, సంఘమునకు అందువరకు దించుడి. పల్లవి పై స్థాయికి లంఘించుచోట క్రింది స్థాయిలోనే పాడించుడి. క్రొత్త పాటను ఒక్క ఆదివారము పాడి వదలివేయక, నెల దినములు అదే నేర్పుడి. ప్రతి పాటలోను ఒక చరణమునకు వాద్యములన్నియు ఆపి, మైకునుండి వెనుకకు జరగుడి. అప్పుడు వినబడు ధ్వని ఎంత ఉన్నదో అంతే మన సంఘముయొక్క పాట. మా బృందములో డ్రమ్సు వాయించు తమ్మునికి ఇది మొదట రుచించలేదు. ఇప్పుడు ఎక్కడ ఆపవలెనో అతడే మాకు సైగ చేయుచున్నాడు.

అయ్యగార్లకు కూడ ఒక మాట. మన పాస్టరేట్లలో పాట కట్టగల యౌవనస్థులున్నారు. స్త్రీల మైత్రి కూటములలో స్వంత మాటలతో పాడు తల్లులున్నారు. వారి పాటలను వ్రాయించి, రాగము గుర్తు పెట్టించి, ఆదివారపు ఆరాధనలో ఒక్కటైనను పాడనిండు. రాబోవు క్రిస్మస్ లోపల మా పాస్టరేటునుండి మూడు పాటలు సిద్ధపరచుచున్నాము. మిగిలిన పాస్టరేట్లవారు ఎన్ని తెత్తురో చెప్పిన, ఒకచోట కూడి నేర్చుకొందము.