మెదడు కొలత – తల్లి హక్కు

(నరసన్నపేటలో స్త్రీల ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్కానింగ్ అనగానే మనకు ముందు గుర్తుకొచ్చేది ఆడపిల్లను కడుపులోనే తీసేయించడం. దానిమీద స్త్రీలు చేసిన పోరాటం వల్లే 1994లో లింగ నిర్ధారణ నిరోధక చట్టం వచ్చింది. 1996 జనవరి 1 నుంచి అమలైంది, 2003లో గట్టిపడింది. అయితే ఆ చట్టం స్కానింగ్‌ను నిషేధించలేదు. ఆడా మగా అని చెప్పడాన్ని నిషేధించింది. పుట్టుకతో వచ్చే లోపాలను కనిపెట్టడానికి అనుమతించింది. ఈ రెండో సగం గురించి మనం తక్కువ మాట్లాడుకున్నాం. ఇవాళ అందులో ఒక్క కొలత గురించి చెబుతాను.

18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో బిడ్డ తలను అడ్డంగా కోసినట్టు తెరమీద చూస్తారు. మెదడు లోపల రెండు పక్కలా నీటి గదులుంటాయి. వాటిలో ఊరే నీరు సన్నటి దారిగుండా కిందికి దిగి మెదడు చుట్టూ చేరుతుంది. వంశధార కాలువ తూము పూడుకుపోతే వెనక నీరు నిలిచినట్టే, ఆ దారి మూసుకుపోతే గది ఉబ్బుతుంది. గది వెనక భాగంలో ఒక గోడ లోపలి అంచు నుంచి ఎదుటి గోడ లోపలి అంచు దాకా నిట్టడ్డంగా కొలుస్తారు. మామూలుగా అది 6 నుంచి 8 మిల్లీమీటర్లు, ఇంచుమించు పెన్సిల్ మందం. నాలుగో నెల నుంచి కాన్పు దాకా తల ఎంత పెరిగినా ఈ కొలత పెద్దగా మారదు. 10కి చేరితే పరిశీలించాలి. 10 నుంచి 12 స్వల్పం, 13 నుంచి 15 మధ్యస్థం, 15 దాటితే తీవ్రం.

ఇక్కడే జాగ్రత్తపడాలి. తలను కాస్త ఏటవాలుగా పట్టి చూసినా కొలత పెరుగుతుంది. 10.2 అని ఒక్కసారి వచ్చినంత మాత్రాన అది తీర్పు కాదు. వేరే లోపమేదీ లేకుండా స్వల్పంగా మాత్రమే పెరిగిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా మామూలుగానే ఎదుగుతారు. 15 దాటినప్పుడు, వెన్నుపూసలోనో మెదడులోనో మరో లోపం కనిపించినప్పుడు ప్రమాదం ఎక్కువ. తల్లికి సోకిన కొన్ని ఇన్ఫెక్షన్లు, క్రోమోజోముల తేడాలు కూడా కారణం కావచ్చు. అందుకే రక్తపరీక్షలు, ఉమ్మనీటి పరీక్ష, కొన్నిసార్లు ఎం.ఆర్.ఐ., కొన్ని వారాల తర్వాత మళ్లీ స్కాన్ అవసరమవుతాయి. గ్రహణం నాడు బయటికి రావడం మాత్రం కారణం కాదు. కోడలి మీద నేరం మోపే ఆ మాటను మనం ఊరూరా ఖండించాలి.

ఇప్పుడు లెక్క చూడండి. 20 వారాలకు స్కాన్, మూడు వారాలకు మళ్లీ స్కాన్ అంటే 23 వారాలు. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం బిడ్డకు తీవ్రమైన లోపముంటే ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల వరకు గర్భం తీయించుకోవచ్చు. అది దాటితే మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి. దరఖాస్తు అందిన 3 రోజుల్లో బోర్డు అభిప్రాయం చెప్పాలి. నరసన్నపేట నుంచి శ్రీకాకుళం, అక్కడి నుంచి విశాఖ కె.జి.హెచ్.కు వెళ్లాలంటే కూలి పోతుంది, బస్సు ఛార్జీలవుతాయి, తోడు ఎవరైనా రావాలి. ఏడో నెలలో మొదటి స్కాన్ చేయించుకున్న స్త్రీకి ఆలోచించుకునే వ్యవధే మిగలదు. ఆలస్యం చేయడమంటే హక్కు లాక్కోవడమే.

నిర్ణయం ఎవరిది? వయసొచ్చిన స్త్రీ విషయంలో చట్టం అడిగేది ఆమె సమ్మతి ఒక్కటే. భర్త సంతకం, అత్తగారి అనుమతి చట్టంలో లేవు. తీయించుకోమని బలవంతపెట్టే అధికారమూ ఎవరికీ లేదు. కొందరు బిడ్డను కనాలనుకుంటారు. అలాంటి తల్లికి మనం తోడుండాలి. పుట్టాక నీరు ఎక్కువైతే తల నుంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి ఆ నీటిని మళ్లించే ఆపరేషన్ ఉంది. వికలాంగుల హక్కులకు 2016 చట్టం ఉంది. వికలాంగ బిడ్డ బతుకు తక్కువదని మన నోట రాకూడదు. పెంచే భారమంతా తల్లి మీదే వదిలేసి, "ఎందుకు కన్నావు" అని అడిగే సమాజాన్నే మనం నిలదీయాలి.

కార్యకర్తలుగా మనం చేయాల్సినవి ఇవి. టిఫా స్కాన్ 18-22 వారాల మధ్యే జరిగేలా ఆశా, ఏ.ఎన్.ఎం.లతో కలిసి చూడాలి. రిపోర్టులో అంకె ఎంతో, దాని అర్థమేమిటో తెలుగులో తల్లికే చెప్పమని అడగాలి. అనుమానముంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపమనాలి. ఇంకొకటి. వెన్నుపాము గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుంటుంది. అది సరిగా మూసుకోని బిడ్డల్లో చాలామందికి తలలో నీరు చేరుతుంది. ఫోలిక్ యాసిడ్ ఈ లోపాన్ని చాలావరకు నివారిస్తుంది. కాని నెల తప్పాక, పేరు నమోదయ్యాక ఇచ్చే మాత్రకు అప్పటికే వేళ దాటిపోతుంది. గర్భానికి ముందు నుంచే అది అందాలని డిమాండ్ చేయాలి.

మిల్లీమీటర్లు కొలవడం డాక్టరు పని. ఆ కొలత తన జీవితంలో ఏమవుతుందో తేల్చుకోవడం ఆ స్త్రీ హక్కు. దానికి ఆమెకు కావలసిన సమాచారం, సమయం, తోడు దక్కేలా చూడటం మన పని.