పదేళ్ల తర్వాత ఆమె ఎక్కడుంది?



పట్టాలు అందుకునే ఈ గచ్చిబౌలి సభ ముగిశాక మీలో చాలామంది రాయదుర్గం, మాదాపూర్ సాఫ్ట్‌వేర్ ఆఫీసులకే వెళ్తారు. అక్కడ రెండు మూడు వారాలకో కొత్త వెర్షన్ వదలాలి. మా క్యాన్సర్ సర్జన్లకు ఒక్క ప్రశ్నకు జవాబు దొరకడానికి 20 ఏళ్లు దాటింది.

రొమ్ము క్యాన్సర్ సర్జన్ డాక్టర్ పి. రఘురామ్ పేరు వినే ఉంటారు. తల్లికి ఇదే జబ్బు వచ్చాక బ్రిటన్ వదిలి వచ్చి, 2007లో హైదరాబాద్ కిమ్స్‌లో ఆమె పేరిట రొమ్ము వ్యాధుల కేంద్రం పెట్టారు. 2015లో పద్మశ్రీ. అవార్డుల సంగతి అలా ఉంచండి. నాకు గొప్పగా తోచింది 2012 నుంచి 2016 దాకా ఆయన నడిపిన రొమ్ము పరీక్షల పని. తెలుగు నేల మీద 15 జిల్లాలు, 4,000 ఊళ్లు, రెండు లక్షలకు పైగా పేద మహిళలు. మామోగ్రామ్ యంత్రం ప్రతి ఊరికీ రాదు కదా! శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే చేత్తో పరీక్షించారు.

నేను చెప్పిన ప్రశ్న ఇదే: చేత్తో చూస్తే ప్రాణాలు నిలుస్తాయా? ముంబై టాటా మెమోరియల్‌లో ఇంద్రనీల్ మిత్రా అనే సర్జన్‌కు ఈ సందేహం ముందే వచ్చింది. 1998లో మొదలుపెట్టి, అక్కడి బస్తీల్లో లక్షన్నర మంది మహిళలను రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి రెండేళ్లకోసారి చేతి పరీక్ష, నాలుగు విడతలు. రెండో వర్గానికి అవగాహన మాటలు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అందరినీ కనిపెట్టుకునే ఉన్నారు. ఫలితం 2021లో అచ్చయింది. చేతి పరీక్ష జరిగిన వర్గంలో, యాభై ఏళ్లు దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపువారిలో చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఈ రెండో మాట కూడా దాచకుండా రాశారు చూడండి, ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే. పైగా అంతమందిని అన్నేళ్లు వదలకుండా చూశారు; గడ్డ తీసి కుట్లు వేయగానే పని అయిపోయిందనుకోవడం మా సర్జన్లకు అలవాటు మరి.

మీలో క్యాన్సర్‌ను పసిగట్టే ఏఐ రాయాలనుకునేవాళ్లూ ఉంటారు. స్కాన్‌లో మచ్చ పట్టుకోవడం మీకు పెద్ద పని కాదు. కష్టమంతా ఆ తర్వాతే. పాలమూరు పల్లెలో పరీక్ష చేయించుకున్న మహిళ మరుసటి ఏడాది నానక్‌రామ్‌గూడలో కొత్త టవర్ దగ్గర కూలికి వచ్చేస్తుంది. ఫోన్ నంబరు మారుతుంది, ఆధార్‌లో ఊరు మారదు. పదేళ్ల తర్వాత ఆమె ఉందా, ఉంటే ఎలా ఉందో వెతికి చెప్పే ప్రోగ్రామ్ రాసేవాళ్లు మాకు కావాలి. జీతం మాత్రం ఆ టవర్లో ఇచ్చినంత ఉండదు.