బంగారు గనుల నేలమీద ఐదు రోజుల నడక
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘంలోని యువకులు కొందరు కోలారు బంగారు గనుల ప్రాంతాన్ని కాలినడకన చూసి వద్దామని సంకల్పించారు. దానికి ఏర్పాటు ఎట్లా ఉండాలో చెప్పే పని నాకు అప్పగించారు. బెంగుళూరులో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చూసి రాగల ఊరికి ఐదు రోజులెందుకని ఒక పెద్దాయన అడిగారు. రైలు కిటికీలోంచి కనిపించేవి మట్టిదిబ్బలేనండి. అక్కడి చరిత్ర నేలకింద ఉంది. అది చెప్పగలవాళ్లు వరుస ఇళ్ల అరుగులమీద కూర్చుని ఉంటారు. వాళ్లను పలకరించాలంటే నడిచి వెళ్లాలి, తొందర లేకుండా కూర్చోవాలి.

వాయిదా వేయడానికీ వీలులేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆనాడు ముప్ఫయ్యేళ్లున్న కార్మికునికి ఇప్పుడు యాభై దాటాయి. అంతకు పెద్దవాళ్లు ఎందరో వెళ్లిపోయారు. రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడినవారు మరీ ముందుగా పోయారు. ఆ దిబ్బల సంగతీ అంతే. వాటిలో మిగిలిన బంగారాన్ని తీయడానికి 13 దిబ్బలను తవ్వే కేంద్రం ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024లో సమ్మతించింది.

ఇక కాలం. ఈ ఎండల్లో వద్దు. కార్తీకం దాకా ఆ వైపు వానలుంటాయి. పుష్యమాసంలో బయలుదేరుదాం. రోజుకు పదిహేను కిలోమీటర్లు, అటూఇటూగా. మొదటిరోజు కోలారులో కోలారమ్మకు దండం పెట్టుకుని బంగారుపేట చేరడం. రెండోరోజు అక్కడినుంచి గనుల ఊరికి. 16 కిలోమీటర్ల రైలుదారి పక్కగానే ఉంటుంది. ఉరిగాం, ఛాంపియన్, మారికుప్పం అన్నీ ఆ దారిలోని స్టేషన్లే. ఒకప్పుడు గనులకోసం వేసిన ఈ దారిమీదే నేడు వేలమంది తెల్లవారకముందే లేచి బెంగుళూరు పనులకు వెళుతున్నారు.

మూడోరోజు ఎక్కడికీ కదలవద్దు. 1802లో వారన్ అనే సైనికాధికారి ఇక్కడి పల్లెవాళ్లచేత మట్టి కడిగించి బంగారపు రజను చూశాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 1902లో కావేరిమీది శివసముద్రంనుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగి ఈ గనులకు విద్యుచ్ఛక్తి తెచ్చారు. బెంగుళూరు వీధిదీపాలు వెలిగింది ఆ తరువాత 1905లో. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. తవ్వినకొద్దీ పైబరువుకు రాయి పగిలి విరజిమ్మేది. ఆ అదురుకు పైన ఇళ్లు కూడా కదిలేవి. ఆ లోతులోనే 1965లో శాస్త్రజ్ఞులు ఆకాశంనుంచి వచ్చే న్యూట్రినో కణాల జాడ పట్టారు. ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. తొట్టిలో నిలబడి చీకట్లోకి దిగేటప్పుడు ఇంటిదగ్గర భార్య ఏమనుకునేదో అక్కడి అవ్వలే చెప్పాలి.

మనవాళ్లు ఒకటి మరువకూడదు. గనిలో దిగినవారిలో అధికులు ఉత్తరార్కాటునుంచి వచ్చిన తమిళ దళితులు. మొదట వారి మాట వినాలి. అయితే 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ సీమలో చాలాభాగం ఉత్తరార్కాటులోనిదే. కనుక పాత కాగితంలో 'ఉత్తరార్కాటు' అని ఉన్నంతమాత్రాన ఆ తాత తెలుగువాడు కాడనుకోవద్దు. మీ ఇళ్లలో పాత చీటీలు, గని బిళ్లలు ఉంటే నకలు తీసి వెంట తెండి.

నాలుగోరోజు బేతమంగళం. పాలారు చెరువు నీళ్లే గనుల ఊరికి వెళ్లేవి. బంగారం కథ విన్నవాడు ఈ నీళ్ల కథా వినాలి, అందుకే ఈ మజిలీ. రాత్రికి బస్సులో వెనక్కి.

ఐదోరోజు మారికుప్పంనుంచి దక్షిణంగా, రాష్ట్రపు సరిహద్దు దాటి చిత్తూరు జిల్లా బిసానత్తం. అక్కడా బంగారు గని ఉండేది. ఆ రాతిపొర ఉత్తరదక్షిణాలుగా 80 కిలోమీటర్ల దాకా సాగింది, మనం గీసుకున్న గీతలు దానికి తెలియవు. సరిహద్దుకు ఇటూ అటూ తెలుగే వినిపిస్తుంది. బిసానత్తం స్టేషనులో రైలెక్కి తిరిగి రావచ్చు.

ఈ చివరి మజిలీకి మాత్రం జాగ్రత్త. కామసముద్రం, గుడుపల్లె వైపు ఏనుగులు పొలాల్లోకి వస్తుంటాయి. తెల్లవారాకే కదలాలి, పొద్దు వాలకముందే చేరాలి, అటవీశాఖవారిని అడిగి దారి నిర్ణయించుకోవాలి. గని ఆవరణల్లోకి అనుమతి లేకుండా పోవద్దు. మూసిన బావుల్లో నీళ్లు నిండి ఉన్నాయి. సయనైడు దిబ్బలెక్కి ఫోటోలు దిగే సరదా అసలే వద్దు, గాలికి ఆ ధూళి లేస్తుంది. పిల్లల్ని మొదటి మూడురోజులకు తెస్తే చాలు.

ఇరవైమందికి మించితే పల్లెల్లో బస దొరకదు. పేర్లు దసరాలోగా కార్యదర్శిగారికి ఇవ్వండి. కోలారు వైపు చుట్టాలున్నవారు ఆ సంగతి కూడా రాయండి, రాత్రిపూట రాగిముద్ద ఎవరింట్లోనో ముందే తేల్చుకోవాలిగదా. సెలవు.