పశువుల ఫుప్ఫుసరోగము - గోపాలకుల జ్ఞానము



మందయే మన పూర్వుల ధనాగారము. గోధనమను మాటయే యిందుకు సాక్షి. అట్టి ధనమును హరించు నొక వ్యాధిని గూర్చి నేఁడు మనవి చేసెదను. అది పశువుల యంటు ఫుప్ఫుసరోగము.

దీనికిఁ గారణమైన సూక్ష్మజీవిని 1898వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున నోకారు, రూ అను పండితులు కనుఁగొనిరి. రోగిపశువు దగ్గినపుడు వెలువడు తుంపరలవలన నిది చెంతనున్న పశువులకు సోఁకును. పశువు మెడ సాఁచి, ముంగాళ్లు ఎడముగా నిలిపి, ఆయాసముతో మూలుగును. కోలుకొన్నదని తోఁచిన పశువు ఊపిరితిత్తిలోఁ జచ్చిన కండచుట్టును పొర యేర్పడి, దానిలో సూక్ష్మజీవి నెలల తరబడి బ్రదికియుండవచ్చును. కావున నొక్క పశువును కొని తెచ్చుటతో మంద యంతయుఁ జెడవచ్చును.

1853లో హాలండునుండి ఓడలో వచ్చిన ఆఁబోతులతో నీ రోగము దక్షిణాఫ్రికాకుఁ జేరెను. పశువులే ప్రాణమైన ఖోసా జనులు మిక్కిలి నష్టపడిరి. పశువులను చంపివేసినచోఁ గ్రొత్త మందలు లేచివచ్చునను నొక బాలిక జోస్యమును నమ్మి, వారిలోఁ బెక్కురు 1856, 1857లలో మిగిలినవానిని దామే వధించిరి. పిదప వేలకొలఁది జను లాకలిచే మడిసిరి. వారిని మూఢులని నవ్వుట తగదు. కారణము తెలియనిచోట భయమే గురువగును.

అంతమాత్రమున గోపాలకు లజ్ఞానులని తలఁపరాదు. పశ్చిమాఫ్రికాలోని ఫులానీలు చచ్చిన పశువు ఊపిరితిత్తిముక్కను ఆరోగ్యముగల పశువు ముక్కుపైఁ జర్మము క్రింద నుంచి, రోగము రాకుండఁ బాటుపడుచుండిరి. బెల్జియము వైద్యుఁడు విల్లెమ్సు 1852లో ప్రకటించిన తోఁకటీకా యిట్టిదే. తూర్పు ఆఫ్రికాలోని మసాయీలు ఊపిరితిత్తి పేరనే యీ రోగమును పిలుతురు. అనఁగా దాని స్థానము నెఱిఁగినవారే.

కావున నీ రోగమును పరిశోధించువాఁడు రక్తపరీక్షతోఁ దనియరాదు. మంద యే నీటికిఁ బోయెను, ఏ సంతలోఁ గొనిరి, రాత్రి యెవరి మందతోఁ గలిసెను అని కాపరిని గౌరవముతో నడుగవలెను. పరిహారము లేకయే పశువులను చంపింతురని తెలిసినచోఁ గాపరి రోగమును దాఁచును. రాత్రికి రాత్రి సంతకుఁ దోలును. అది పొరుగువాని మందకు నిప్పు పెట్టుటయే.

పూర్వ మస్సాము ప్రాంతమున నుండిన యీ రోగమునుండి మన దేశము విముక్తమైనదని 2007లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తించెను. ఆఫ్రికాలో నిది నేఁటికిని గలదు. మనకు గాలికుంటు, గొంతువాపు మున్నగునవి యింకను గలవు. జబ్బు పశువును వేఱుచేసి వైద్యునికిఁ జెప్పుఁడు, సంతకుఁ దోలకుఁడు.

దాతలారా! మన బాలబాలికలలోఁ బశువైద్యము చదువువారికి విద్యార్థివేతనము లేర్పఱచుఁడు. మంద కాచినవాని బిడ్డయే వైద్యుఁడై వచ్చి ప్రశ్నించినచో మన పల్లెలలో నెవరును నిజము దాఁపరు.